మిరేయా లూయిస్ ఆట గురించి పొడవు తక్కువైన అమ్మాయికి ఏం చెప్పాలి?

బొబ్బిలి పీఈటీ:

అందరికీ నమస్కారం. నేను బొబ్బిలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా బడి వాలీబాల్ జట్టులో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలకు మించదు. అయినా మూడంగల పరుగుతో లేచిందంటే మణికట్టు దాటి చేయి నెట్టు పైకి వస్తుంది. కొట్టబోయే ముందు, నెట్టు దగ్గర ఎగిరి అడ్డుకునే అవతలి బ్లాకర్ల చేతులు ఎటున్నాయో చూసుకుని బంతిని ఖాళీలోకి తిప్పుతుంది. ఆ చూపు చెబితే వచ్చేది కాదు. ఈ మధ్య జరిగిన ఎంపికల్లో ఆమె చేత ఒక్క స్మాష్ అయినా కొట్టించకుండా, గోడ దగ్గర నిలబెట్టి కొలిచి, పొడవు చాలదని పక్కన పెట్టేశారు.

"పొట్టివాళ్లు ఎవరూ పెద్ద ఆటలు ఆడలేదా టీచర్?" అని అడిగింది. నాకు వెంటనే గుర్తొచ్చిన పేరు క్యూబా క్రీడాకారిణి మిరేయా లూయిస్. 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటిలోనూ స్వర్ణం గెలిచిన జట్టులో ఆమె ఉంది, ఎత్తు 1.75 మీటర్లే, అని చెప్పాను. చెప్పాక నాకే సందేహాలు మొదలయ్యాయి. మన లెక్కలో 1.75 అంటే అయిదడుగుల తొమ్మిదంగుళాలు. మా పిల్లకు అది పొట్టితనంగా ఎలా కనిపిస్తుంది? ఆమె నిజంగా తన ఎగురుడుతోనే నెగ్గుకొచ్చిందా, లేక ఆ జట్టు ఆమెకు వెన్నుదన్నుగా ఉండి ఆడించిందా? మరొకటి, బిడ్డను కన్న రెండు వారాలకే ఆమె ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడిందన్న విషయం. ఆడపిల్లలకు దాన్ని ఆదర్శంగా చెప్పవచ్చా? ఆమె క్రీడా జీవితం తెలిసిన పెద్దలు కాస్త వివరంగా రాస్తే, ఆ అమ్మాయికి ఉత్త ధైర్యవచనాలు కాకుండా పనికొచ్చే మాట చెప్పగలుగుతాను.


ఆమదాలవలస మాస్టారు:

అమ్మా, మంచి ప్రశ్న వేశారు. నేను చాలాకాలం పిల్లలకు వాలీబాల్ నేర్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని; మిరేయా ఆటను ఇష్టంగా గమనించినవాణ్ని కాబట్టి కాస్త విస్తరంగానే రాస్తాను.

ముందు ఎత్తు సంగతి. అయిదడుగుల తొమ్మిదంగుళాలు మన వీధిలో పొడవే, కాని ఆమె నిలబడిన కోర్టులో కాదు. ఆమె జట్టులోనే మధ్యలో ఆడిన రెగ్లా టోరెస్, మగాలి కర్వహాల్ ఇద్దరూ 1.90 మీటర్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లు. ఎదుట రష్యా, చైనా బ్లాకర్లూ అంతే. మహిళల నెట్టు ఎత్తు 2.24 మీటర్లు. ఆమె స్పైక్ రీచ్, అంటే పరుగుతో ఎగిరి చేయి చాచితే అందే ఎత్తు, 3.39 మీటర్లని పట్టికల్లో ఉంది. బాస్కెట్‌బాల్ రింగు ఎత్తు 3.05 మీటర్లేనని గుర్తుంచుకుంటే ఆ అంకె ఎంతటిదో అర్థమవుతుంది. అంతర్జాతీయ పోటీల పట్టికల్లో కనిపించే ఇలాంటి కొలతలు చాలావరకు జట్లు తామే రాసిచ్చేవి కాబట్టి, ఒకటి రెండు అంగుళాలు తీసేసి నమ్మినా నష్టం లేదు. తీసేసిన తర్వాత కూడా అది అసాధారణమే.

ఎగురుడు ఆమె సొత్తే, అందులో సందేహం లేదు. మీ రెండో సందేహమే అసలైనది. ఆమె 1967 ఆగస్టు 25న కమగ్వేలో పుట్టింది. క్యూబాలో 1961లోనే క్రీడల కోసం ఒక జాతీయ సంస్థను పెట్టి, ఆ తర్వాత ప్రతి రాష్ట్రంలోనూ చదువూ ఆటా ఒకే ఆవరణలో సాగే క్రీడా పాఠశాలలు నెలకొల్పారు. ఊరి బడిలో చురుగ్గా కనిపించిన పిల్ల అక్కడికి, అక్కడ రాణించినవాళ్లు జాతీయ శిక్షణకు చేరే దారి ముందే వేసి ఉంది. ఆ దారిన వచ్చినందువల్లే 1983లో కారకస్‌లో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల నాటికి, సరిగ్గా పదహారేళ్లు నిండుతున్న రోజుల్లో, ఆమె జాతీయ జట్టులో ఉంది, స్వర్ణమూ అందుకుంది. మన రాష్ట్రంలో అలాంటిదేదీ అంటే కడపలో ఉన్న క్రీడా పాఠశాల పేరు చెప్పుకోవాలి. శ్రీకాకుళం నుంచి పసిపిల్లను అంత దూరం పంపే తల్లిదండ్రులు ఎందరుంటారో మీకు నేను చెప్పనక్కరలేదు.

జాతీయ జట్టులో ఆమెను తీర్చిదిద్దినవాడు యుజీనియో జార్జ్. 1978లోనే క్యూబా మహిళలను ప్రపంచ విజేతలుగా నిలిపిన శిక్షకుడాయన. గత శతాబ్దపు ఉత్తమ మహిళా జట్టు శిక్షకుడిగా అంతర్జాతీయ సమాఖ్య ఆయన్నే ఎంపిక చేసింది. ఆయన జట్టును ఆడించిన పద్ధతి తెలిస్తే మిరేయాకు అన్ని పాయింట్లు ఎలా వచ్చాయో సగం తెలిసినట్టే. చాలా జట్లు ఒకే లిఫ్టర్‌తో, అంటే కొట్టేవాళ్లకు బంతి లేపి అందించే ఒకే మనిషితో, ఆడతాయి. సర్వీసు తిరిగి దక్కినప్పుడల్లా ఆటగాళ్లు ఒక్కో స్థానం జరుగుతారు కదా, అలా ఆ లిఫ్టర్ ముందు వరుసలోకి వచ్చిన మూడు తిరుగుళ్లలో నెట్టు దగ్గర కొట్టేవాళ్లు ఇద్దరే మిగులుతారు. క్యూబా ఇద్దరు లిఫ్టర్లతో ఆడేది. వెనక వరుసలో ఉన్న లిఫ్టర్ ముందుకు వచ్చి బంతి లేపుతుంది. ముందు వరుసలో ఉన్న లిఫ్టర్ ఆ సమయంలో స్మాషర్‌గా మారుతుంది. ఆ విధంగా ఎప్పుడూ ముగ్గురు కొట్టడానికి సిద్ధంగా ఉంటారు. మధ్యలో టోరెస్ లేచిందంటే అవతలి సెంటర్ బ్లాకర్‌కు ఆమెను వదిలి కదిలే వీలుండదు. బంతి ఎడమ చివరనున్న మిరేయా వైపు వెళ్లాక ఆ బ్లాకర్ పరుగెత్తుకు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఆమె ఎదుట తరచుగా ఒక బ్లాకరో, ఒకటిన్నర బ్లాకరో మాత్రమే మిగిలేవాళ్లు. అంత ఎత్తున చేయి ఆడించగల మనిషికి ఒకే బ్లాకర్ ఎదురైతే ఇక చెప్పేదేముంది?

కాబట్టి మీ అమ్మాయికి, ఆమె ఎగిరి గెలిచిందని మాత్రమే చెబితే అది సగం మాటే అవుతుంది. ఇద్దరు లిఫ్టర్లు అలా ఆడాలంటే ఇద్దరికీ లేపడమూ రావాలి, కొట్టడమూ రావాలి. కోర్టులో మిగిలినవాళ్లు మొదటి పాస్‌ను నెట్టు దగ్గరికి సరిగ్గా పంపాలి. జార్జ్ దగ్గర ఒకే ఒక్క పని వచ్చినవాళ్లకు చోటు ఉండేది కాదు. మన బడుల్లో ఏడో తరగతిలోనే "నువ్వు లిఫ్టర్, నువ్వు స్మాషర్" అని ముద్రలు వేసేస్తాం. నా దృష్టిలో ఎత్తు కొలిచి పంపేయడం ఎంత తొందరపాటో, ఇదీ అంతే తొందరపాటు.


రాజాం పాఠకుడు:

మాస్టారు గారు ఆట వివరించారు కాబట్టి నేను ఆ ఏళ్ల సంగతి కొంత చేరుస్తాను. మిరేయా ఖాతాలో మూడు ఒలింపిక్ స్వర్ణాలున్నాయని లెక్కపెట్టేటప్పుడు, ఆమె చేతికి అందకుండా పోయిన రెండు ఒలింపిక్స్‌నూ లెక్కలోకి తీసుకోవాలి. 1984 లాస్ ఏంజెలెస్ క్రీడలను సోవియట్ కూటమితో పాటు క్యూబా బహిష్కరించింది. 1988లో ఉత్తర కొరియాకు మద్దతుగా సియోల్‌కూ వెళ్లలేదు. ఆటలో చేవ ఉన్న తొలి ఏళ్లన్నీ ఆ విధంగా గడిచాయి. ఆమె మొదటిసారి ఒలింపిక్ కోర్టులో దిగింది 1992 బార్సిలోనాలో, ఇరవై అయిదో ఏట. అప్పటికే సోవియట్ యూనియన్ విడిపోయి, దాని సాయం మీద నడిచిన క్యూబాలో తిండికీ ఇంధనానికీ కటకట మొదలైంది. ఆ దశలో ఆ దేశపు అమ్మాయిలు ఫైనల్‌లో పాత సోవియట్ దేశాల ఉమ్మడి జట్టునే 3-1తో ఓడించారు. 1989, 1991, 1995, 1999 ప్రపంచ కప్‌లూ, 1994, 1998 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లూ అన్నీ ఆ జట్టువే. 1994లో బ్రెజిల్‌ను బ్రెజిల్‌లోనే ఓడించారు.

మన జిల్లాల పిల్లలకు చెప్పేటప్పుడు సిడ్నీతో మొదలుపెట్టండి. 2000 సెప్టెంబర్ 19న ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. అదే నగరంలో అదే నెల 30న క్యూబా మహిళలు రష్యాతో ఫైనల్ ఆడుతూ మొదటి రెండు సెట్లూ పోగొట్టుకుని, తర్వాతి మూడు గెలిచి వరుసగా మూడో స్వర్ణం తీసుకున్నారు. మల్లీశ్వరి పేరు మీ పిల్లలకు ఎలాగూ తెలుసు. ఆ పేరు పక్కన మిరేయా పేరు పెడితే దూరదేశపు ముచ్చటలా అనిపించదు.


నెల్లిమర్ల ఫిజియో:

బొబ్బిలి టీచర్ గారూ, మీ మూడో సందేహానికి నేను జవాబు రాయాలి. నేను ఫిజియోథెరపిస్టును, నా దగ్గరికి వచ్చేవాళ్లలో క్రీడాకారిణులూ ఉంటారు, బాలింతలూ ఉంటారు.

1986లో చెకోస్లొవేకియాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, కూతురు పుట్టిన రెండు వారాలకే ఆమె ఆడిందన్నది నిజమే. క్యూబాకు రజతం వచ్చింది, చైనా గెలిచింది. అప్పటికి ఆమె పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆమె తెగువను నేను తక్కువ చేయను. కాని దయచేసి ఈ సంగతిని ఆదర్శంగా చెప్పకండి. ప్రసవం తర్వాత కటి భాగపు కండరాలూ, పొత్తికడుపు గోడా తిరిగి బిగుసుకోవడానికి నెలలు పడుతుంది; కీళ్లను పట్టి ఉంచే బంధనాలు గర్భకాలపు హార్మోన్ల వల్ల అప్పటికి ఇంకా వదులుగానే ఉంటాయి. కాన్పు సజావుగా జరిగినా కనీసం మూడు నెలలు గడిచి, కండరాల బలం పరీక్షించాకే పరుగులూ గెంతులూ మొదలుపెట్టమని ఇప్పుడు చెబుతున్నారు. ఆమె విషయంలో ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఆమె మాటకు ఎంత విలువ ఉంది అని కూడా అడగవలసిందే. పతకం వచ్చింది కాబట్టి ఆ ప్రశ్నను వదిలేయకూడదు. మన పల్లెల్లో కాన్పయిన నెలకే పొలానికి వెళ్లిన అత్తల ఉదాహరణలు కోడళ్లకు ఇప్పటికే చాలినన్ని వినిపిస్తున్నారు. వాటికి ఒలింపిక్ ఉదాహరణ ఒకటి తోడు కానక్కరలేదు.

మీ అమ్మాయి విషయంలో నన్ను కలవరపెట్టేది ఎత్తు కాదు, మోకాళ్లు. ఎగిరే పిల్లలకు మోకాలిచిప్ప కింది స్నాయువు నొప్పి సాధారణం. ఎదిగే వయసు ఆడపిల్లల్లో మోకాలి లోపలి లిగమెంటు తెగడం మగపిల్లల్లో కంటే ఎక్కువగా చూస్తాం. చాలావరకు అది ఎగిరేటప్పుడు కాదు, దిగేటప్పుడు జరుగుతుంది. ఆమె స్మాష్ కొట్టి దిగేటప్పుడు ఎదురుగా నిలబడి చూడండి. మోకాళ్లు రెండూ లోపలికి వాలి ఒకదానికొకటి దగ్గరవుతున్నాయా? ఒంటికాలి మీద దిగుతోందా? దిగినప్పుడు పెద్ద చప్పుడు వస్తోందా? వీటిలో ఏది కనిపించినా, ఎగిరే ఎత్తు పెంచే కసరత్తులు ఆపి ముందు దిగడం నేర్పండి: రెండు కాళ్ల మీద, మోకాళ్లు కాలివేళ్ల వైపే ఉండేటట్టు, తుంటి వెనక్కి వంచి, చప్పుడు లేకుండా. మొదట అరుగు మీంచి దిగడంతో మొదలుపెట్టవచ్చు. సిమెంటు నేల మీద గెంతించవద్దు. మన ఎర్రమట్టి కోర్టే మేలు.

ఇంకో మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన రాష్ట్రంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మధ్యాహ్నం తర్వాత ఆ పిల్ల ఎగురుడు తగ్గిపోతుంటే బద్ధకం అనుకోకుండా హిమోగ్లోబిన్ చూపించండి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర నిజంగా మింగుతోందో లేదో గమనించండి.


బొబ్బిలి పీఈటీ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండు వారాల సంగతి చెప్పను. ఎవరైనా పిల్లలు ఎక్కడో చదివి అడిగితే ఫిజియో గారు రాసినదంతా చెబుతాను. ఈ సాయంత్రం ఆ అమ్మాయి దిగడం ఎదురుగా నిలబడి చూశాను, ఎడమ మోకాలు లోపలికి వాలుతోంది. మాస్టారు గారూ, ఒకటి అడగాలి. ఎంపికల్లో ఒకాయన "లిబెరోగా అయితే చూద్దాం" అన్నారు, అంటే వెనక వరుసలోనే ఉండి బంతి అందుకునే స్థానంలో. ఒప్పుకోమంటారా? ఇంకొకటి, గెంతుడుకు బలం కోసం బరువులు ఎత్తించవచ్చా? ఆమె తల్లి ఎదుగుదల ఆగిపోతుందని భయపడుతోంది.


చీపురుపల్లి రిఫరీ:

మాస్టారు జవాబిచ్చేలోపు, మిరేయా గురించి ఎవరూ ఎత్తని ఒక విషయం చెబుతాను. 1996 అట్లాంటాలో క్యూబా గ్రూపు దశలో బ్రెజిల్ చేతిలోనూ రష్యా చేతిలోనూ ఓడి మూడో స్థానంతో ముందుకు వచ్చింది. సెమీఫైనల్‌లో మళ్లీ బ్రెజిల్ ఎదురైతే 3-2తో గెలిచింది. ఆ ఆటంతా నెట్టుకు అవతల ఉన్నవాళ్లను మాటలతో రెచ్చగొట్టడం ఒక వ్యూహంగా సాగింది. ఆట ముగిశాక తోపులాట కూడా జరిగింది. అందులో మిరేయా ముందువరసలోనే ఉంది. తర్వాత ఫైనల్‌లో చైనాను ఓడించి స్వర్ణం తీసుకున్నారు. ఆ జట్టును ఎంత మెచ్చుకున్నా, ఆ భాగాన్ని నేను మెచ్చుకోలేను. మన మండల పోటీల్లో పాయింటు వచ్చిన ప్రతిసారీ నెట్టు కిందికి వంగి అవతలి పిల్లల మొహంలో మొహం పెట్టి అరిచేవాళ్లు పెరిగారు. నేను పసుపు కార్డు తీస్తే, పక్కనున్న పెద్దలే "ఆటలో అవన్నీ మామూలే సార్" అంటారు. పిల్లలకు ఆమె ఆట వీడియో చూపించేటట్టయితే ఆ ఆటే చూపించండి, చూపించి ఎక్కడ కార్డు ఇవ్వవలసి ఉందో వాళ్ల చేతే చెప్పించండి. ఆట నియమాలు నేర్పడానికి నేనైతే అంతకంటే మంచి పాఠం చూడలేదు.


ఆమదాలవలస మాస్టారు:

రిఫరీ గారితో నేను ఏకీభవిస్తాను. 2004లో ఆమెను వాలీబాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, అంతర్జాతీయ సమాఖ్య పాలకవర్గంలోనూ ఆమె పనిచేసింది. అంత పెద్ద మనిషిని గౌరవిస్తూనే ఆ ఒక్క రాత్రి సంగతి వేరుగా చెప్పవచ్చు.

అమ్మా, లిబెరో గురించి. ఆ స్థానం 1998లో నియమాల్లోకి వచ్చింది, అంటే మిరేయా ఆడిన కాలంలో ఎక్కువ భాగం అది లేనే లేదు. అందుకే ఆమె ఎత్తు ఎంతైనా వెనక వరుసకు వచ్చినప్పుడు సర్వీసు అందుకోవడమూ, పడే బంతిని లేపడమూ తప్పేవి కావు. ఇప్పుడు పొడవు తక్కువైన ప్రతి పిల్లనూ లిబెరో చేసేయడం ఎంపిక చేసేవాళ్లకు సులువైన దారి అయింది. నెట్టు కంటే ఎత్తులో ఉన్న బంతిని లిబెరో కొట్టకూడదు. మీ అమ్మాయికి దేవుడిచ్చిన ఎగురుడు లిబెరో చొక్కా తొడిగిన రోజే పనికిరాకుండా పోతుంది. అయినా జట్టులో చోటు దొరుకుతుందంటే నేనైతే ఈ ఏడాదికి ఒప్పుకోమంటాను. పై స్థాయి సర్వీసులు అందుకునే అనుభవం వస్తుంది. బడి జట్టులో మాత్రం ఎడమ చివర స్మాషర్‌గానే ఆడించండి, వారంలో కొన్నాళ్లు లిఫ్టింగ్ చేయించండి. రేపు ఆమె మరో మూడంగుళాలు పెరిగినా, పెరగకపోయినా మూడు పనులూ వచ్చినదవుతుంది.

బరువులెత్తితే ఎదుగుదల ఆగుతుందన్నది భయమే తప్ప నిజం కాదు; సరైన పద్ధతి నేర్పే మనిషి పక్కన లేకుండా ఎక్కువ బరువు ఎత్తించడమే ప్రమాదం. ఈ విషయంలో మీ జిల్లాకు ఉన్న భాగ్యం చాలా జిల్లాలకు లేదు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. అక్కడ చిన్నపిల్లలకు ఉత్త కర్రతో గుంజీళ్లూ, ఎత్తే పద్ధతీ ఎలా నేర్పుతారో ఒక ఆదివారం వెళ్లి చూడండి. తల్లిని కూడా వెంట తీసుకువెళ్తే మనం నచ్చచెప్పే పని తగ్గుతుంది. ఫిజియో గారు చెప్పిన మోకాలు చక్కబడేదాకా బరువు వేయించకండి.

ఎంపికల సంగతికి వస్తే, ఎత్తు ఒక్కటే కొలిచే చోటికి మీ కొలతలతో మీరు వెళ్లండి. బడి గోడ మీద సుద్దతో గీతలు గీయండి. నిలబడి చేయి చాచితే అందే ఎత్తు ఒకటి, పరుగుతో ఎగిరితే అందే ఎత్తు రెండోది. ప్రతి నెలా మొదటి వారంలో, ఆట మొదలుపెట్టక ముందు, కొంచెం ఒళ్లు వేడెక్కాక, మూడుసార్లు ఎగిరించి మధ్య అంకె రాసుకోండి. జట్టులో పొడవైన అమ్మాయిలకూ అలాగే రాయండి. వచ్చే ఎంపికల్లో ఆ కాగితం బల్ల మీద పెట్టి, ఎవరి చేయి నెట్టు మీద ఎంత పైకి వస్తోందో చూడమని మర్యాదగా అడగండి. చూడకుండా పంపేస్తే కాగితం మీద వాళ్ల సంతకమైనా అడగండి.


బొబ్బిలి పీఈటీ:

గోడకు సున్నం వేయించి మరీ గీస్తాను మాస్టారూ. కొండవెలగాడకు వచ్చే ఆదివారం వెళ్తున్నాం, వాళ్లమ్మ వస్తానంది. ఫిజియో గారూ, దారిలోనే నెల్లిమర్ల కాబట్టి ఆ పిల్ల మోకాలు ఒకసారి మీకు చూపించి వెళ్తాం.